బేస్ ఎక్కడ చేతులు మారాలి: హైదరాబాద్ హాల్లో క్రాసోవర్ లెక్క

హోమ్ థియేటర్ పెట్టించుకున్నవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి, సబ్ వూఫర్ (కింది బేస్ పలికే పెట్టె) ఒకటే హోరు, డైలాగులు తేలడం లేదు. రెండోది దీనికి పూర్తిగా తలకిందులు: ఇంత డబ్బు పోసినా డప్పు దెబ్బలో పస లేదు. ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే ఈ రెండు బాధలకూ మూలం చాలాసార్లు ఒకే చోట ఉంటుంది. స్పీకర్ మోసుకొచ్చిన శబ్దాన్ని సబ్ వూఫర్ అందుకునే చోటు కుదరలేదన్నమాట. ఆ చోటునే క్రాసోవర్ అంటారు. స్పీకర్లు మార్చి, సబ్ వూఫర్ పెద్దది తెచ్చి, కేబుళ్ల మీద కూడా ఖర్చు పెట్టాక గానీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) మెనూలో ఉన్న ఆ అంకె మీదకు చూపు పోదు. పోయినా, అందరూ పెట్టేది 80 హర్ట్జ్ (సెకనుకు 80 ఊపులు) కాబట్టి 80 పెట్టి మెనూ మూసేస్తారు.

80 మంచి అంకే. కాకపోతే దాంతో అయ్యేది సగం పని. ఆ అంకె దగ్గర స్పీకరూ సబ్ వూఫరూ సోఫాలో కూర్చున్న మనిషి చెవికి కలిసి చేరుతున్నాయా లేదా అన్నది మిగతా సగం. దాన్ని మెనూ చెప్పదు, గది చెబుతుంది.

అసలు ఈ పంపకం ఎందుకో ముందు చూడాలి. మనిషి చెవికి వినపడేది 20 హర్ట్జ్ నుంచి 20 వేల హర్ట్జ్ దాకా. ఫ్రీక్వెన్సీ సగమైతే సంగీతంలో ఒక స్థాయి (ఆక్టేవ్) దిగినట్టు. అదే జోరుతో ఒక స్థాయి కింది శబ్దం పలకాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 80 హర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటరు ఊగితే సరిపోయే కోన్, 40 దగ్గర 4 మిల్లీమీటర్లు, 20 దగ్గర 16 మిల్లీమీటర్లు ఊగాలి. బుక్‌షెల్ఫ్ స్పీకర్‌లో ఉండే అయిదారు అంగుళాల వూఫర్‌కు అంత ఊపు ఉండదు. పైగా పాడేవాళ్ల గొంతు కూడా అదే కోన్ మీద పలుకుతుంది. హీరో ఎంట్రీ బీజీఎంలో కింది బేస్ కోసం కోన్ అల్లాడిపోతుంటే, అదే క్షణంలో దాని మీద పలికే గొంతు బరుసెక్కుతుంది. కింది భాగాన్ని తీసి సబ్ వూఫర్‌కు అప్పగిస్తే బాగుపడేది బేస్ ఒక్కటే కాదు, మాట కూడా తేటపడుతుంది. ఆంప్లిఫయర్ మీద భారమూ తగ్గుతుంది. క్రాసోవర్ వల్ల కలిగే మొదటి మేలు డైలాగులకే అంటే చాలామంది నమ్మరు గానీ నిజం.

ఇక 80 ఎక్కడి నుంచి వచ్చింది? లూకాస్‌ఫిల్మ్‌లో టామ్లిన్సన్ హోల్మన్ పని నుంచి 1983లో పుట్టిన టీహెచ్‌ఎక్స్, తర్వాత ఇళ్లలోని థియేటర్లకు కూడా ప్రమాణాలు పెట్టినప్పుడు ఎంచుకున్న అంకె ఇది. దాని వెనక రెండు లెక్కలున్నాయి. మొదటిది చెవి లెక్క. శబ్దం ఎటు నుంచి వస్తోందో మనం పోల్చుకునేది రెండు చెవులకూ అది చేరడంలోని తేడాను బట్టి. 80 హర్ట్జ్ అల పొడవు దాదాపు 4.3 మీటర్లు. మనిషి తల వెడల్పు జానెడైనా ఉండదు. అంత పొడవైన అల రెండు చెవుల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి సబ్ వూఫర్ ఏ మూలన ఉందో చెవి పట్టలేదు. రెండోది ఫిల్టర్ లెక్క, దాన్ని కొంచెం నిదానంగా చూడాలి.

క్రాసోవర్ 80 అంటే 80 దగ్గర కత్తితో కోసినట్టు ఒకటి ఆగి రెండోది మొదలవుతుందని అనుకోవడం మామూలు పొరపాటు. అది కోత కాదు, వాలు. హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజినీర్లు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీల పేర్లతో పిలిచే ఫిల్టర్ పద్ధతిని 1976లో లింక్‌విట్జ్ ప్రచురించాడు. ఇవాళ్టి చాలా రిసీవర్లలో సబ్ వూఫర్ వైపు వాలు ఆ తీరుదే. 80 పెడితే 80 దగ్గర సబ్ వూఫర్ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, 120 దగ్గర సుమారు 15.6, ఒక స్థాయి పైన 160 దగ్గర 24.6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 120 హర్ట్జ్ శబ్దం కూడా సబ్ వూఫర్‌లోంచి కొంత వినపడుతూనే ఉంటుంది. ఇదే క్రాసోవర్‌ను 150కి పెంచితే 225 హర్ట్జ్ దాకా అంతే లీకు ఉంటుంది. మగవాళ్ల మాట మూల స్వరం సుమారు 85 నుంచి 180 హర్ట్జ్ మధ్య, ఆడవాళ్లది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. అందుకే క్రాసోవర్ మరీ పైకి పోయిన ఇంట్లో హీరో తెర మీద ఉంటాడు, అతని గొంతులో సగం మాత్రం సోఫా పక్క మూలలోంచి వస్తుంది.

స్పీకర్ వైపు వాలు మాత్రం చాలా రిసీవర్లలో సగమే, స్థాయికి 12 డెసిబెల్స్. ఇది పొరపాటున వదిలేసింది కాదు. వెనక రంధ్రం లేని, పూర్తిగా మూసిన స్పీకర్ డబ్బా తనంతట తానే కిందికి పోయే కొద్దీ స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. అది సరిగ్గా 80 దగ్గర తగ్గడం మొదలుపెట్టే స్పీకర్ అయితే రిసీవర్ 12, స్పీకర్ 12 కలిసి 24 అవుతాయి. సబ్ వూఫర్ వాలుకు అద్దంలో బొమ్మలా సరిపోతుంది. టీహెచ్‌ఎక్స్ లెక్క ఇదే. అయితే ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి పోర్టు (గాలి రంధ్రం) ఉన్న స్పీకర్లు, 35 హర్ట్జ్ దాకా దిగే, నేల మీద నిలబెట్టే టవర్లు. వాటితో ఈ బొమ్మ అంత చక్కగా కుదరదు. టవర్ అయితే 80 దగ్గర రెండింటి ఫేజ్ (అల తన ఊపులో ఏ దశలో ఉందన్నది) మధ్య నాలుగో వంతు చక్రం తేడా మిగిలిపోతుంది. 60 దగ్గర ట్యూన్ చేసిన చిన్న పోర్టు స్పీకర్ అయితే వాలు మరీ నిటారుగా మారి తేడా ఇంకోలా వస్తుంది. అంకె ఒకటే అయినా రెండు ఇళ్లలో ఒకేలా పలకకపోవడానికి మొదటి కారణం ఇది.

ఏ అంకె పెట్టాలన్న ప్రశ్నకు స్పీకర్ డబ్బా మీద రాసిన మాట సగం జవాబే ఇస్తుంది. "48 హర్ట్జ్ నుంచి 20 కిలోహర్ట్జ్" అని రాసి పక్కన డెసిబెల్స్ లెక్క లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. 3 డెసిబెల్స్ తగ్గే చోటు 48 అయితే అది గట్టి స్పీకర్. 10 డెసిబెల్స్ తగ్గే చోటు 48 అయితే పనికొచ్చే బేస్ 60 పైనే ఆగిపోయినట్టు. అదీ మామూలు జోరులో. సినిమా జోరులో ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. స్పీకర్ నిజంగా దిగగలిగే చోటుకు కనీసం అర స్థాయి, వీలైతే ఒక స్థాయి పైన క్రాసోవర్ ఉంచడం మంచిది. 50 దాకా దిగే బుక్‌షెల్ఫ్‌కు 80, 70 దగ్గర అలిసిపోయే చిన్న సరౌండ్లకు (పక్కనా వెనకా పెట్టే స్పీకర్లకు) 100 నుంచి 120 సరిపోతాయి. సీలింగ్ వైపు శబ్దం కొట్టి వెనక్కి దింపే అట్మాస్ పెట్టెలకు 150 నుంచి 180 కావాలి. చాలా రిసీవర్లలో ఒక్కో జతకు విడిగా పెట్టుకోవచ్చు. అలా ఉన్నప్పుడు అన్నిటికీ ఒకే అంకె పెట్టడం చేతిలో ఉన్న సదుపాయాన్ని వదులుకోవడమే.

టవర్ స్పీకర్లు ఉన్నవాళ్ల దగ్గర ఇంకో పట్టుదల ఉంటుంది. ఇంత పెద్ద స్పీకర్లు కొని "స్మాల్" అని పెట్టడమేమిటని. మెనూలో స్మాల్, లార్జ్ అన్న పేర్లు స్పీకర్ ఎత్తు గురించి కావు. స్మాల్ అంటే బేస్‌ను సబ్ వూఫర్‌కు పంపు అని, లార్జ్ అంటే మొత్తం స్పీకర్‌కే పంపు అని. అంతే. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ, వాటి వల్ల ఎన్నో మంచి సిస్టమ్‌లు చెడిపోయాయి. ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ మైక్‌తో గదిని కొలిచి తానే సర్దుకోవడం) కూడా ఇక్కడ సాయం చేయదు. గోడ దగ్గరున్న టవర్‌కు గది వల్ల బేస్ పెరిగి 40 దాకా బాగానే పలికినట్టు మైక్‌కు అనిపిస్తుంది, రిసీవర్ దాన్ని తరచూ లార్జ్ అని రాసేస్తుంది. దాన్ని చేత్తో స్మాల్‌కు మార్చి 80 పెట్టడం తప్పు కాదు, చేయాల్సిన పని. అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆడిస్సీ అనే కాలిబ్రేషన్ ఉన్న రిసీవర్లలో క్రాసోవర్‌ను అది చెప్పిన దానికంటే పెంచవచ్చు, తగ్గించకూడదు. స్పీకర్ తగ్గిపోతోందని అది గుర్తించిన చోటు కింద ఆ స్పీకర్‌కు దిద్దుబాటు ఉండదు.

లార్జ్ పెట్టి, దానితోపాటు "ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్" లేదా "డబుల్ బేస్" లేదా "ఎక్స్‌ట్రా బేస్" కూడా ఆన్ చేస్తే అదే బేస్ టవర్లలోంచీ సబ్ వూఫర్‌లోంచీ రెండు సార్లు వస్తుంది. కొన్ని స్వరాల దగ్గర రెండూ కలిసి ఉబ్బుతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హోరు అన్న ఫిర్యాదు వచ్చే ఇంట్లో మొదట చూడాల్సిన మెనూ ఇదే.

మరో గందరగోళం ఎల్ఎఫ్ఈ. 5.1లో ఆ చివరి .1 సినిమా మిక్స్ చేసేవాళ్లు పేలుళ్లకూ ఉరుములకూ విడిగా ఇచ్చే ట్రాక్. అది 120 హర్ట్జ్ దాకా ఉంటుంది, మిగతా చానెళ్ల కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ జోరు దానికి ఇస్తారు. క్రాసోవర్‌కూ దీనికీ సంబంధం లేదు. "ఎల్ఎఫ్ఈ లో పాస్" అన్న వేరే వరుసను 120 దగ్గరే వదిలేయాలి. దాన్నీ 80కి దించితే సినిమావాళ్లు పెట్టిన శబ్దంలో పై భాగం ఎటూ పోకుండా మాయమవుతుంది, ఎందుకంటే అది వేరే స్పీకర్‌కు మళ్లదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్‌లో తెర వెనక స్పీకర్లు చాలా కిందికి దిగగల పెద్దవి. అక్కడ సబ్ వూఫర్ పని ప్రధానంగా ఆ .1 ట్రాక్ మోయడమే. ఇంట్లో సబ్ వూఫర్ ఆ ట్రాక్‌తోపాటు ప్రతి స్పీకర్ కింది భాగాన్నీ మోయాలి. బరువు ఇక్కడే ఎక్కువ.

ఇప్పుడు గది

క్రాసోవర్ మీద చదవడానికి దొరికేదంతా దాదాపు అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. అక్కడ లోపలి గోడలు చాలా చోట్ల చెక్క చట్రానికి బిగించిన జిప్సమ్ పలకలు. బేస్ తగిలితే ఆ పలకలు కాస్త ఊగి కొంత శక్తిని మింగేస్తాయి. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఇటుక లేదా కాంక్రీటు గోడ, పైనా కిందా ఆర్‌సీసీ స్లాబు, నేల మీద విట్రిఫైడ్ టైల్స్ లేదా గ్రానైట్. ఏదీ ఊగదు, ఏదీ మింగదు. తగిలిన బేస్ తగిలినట్టే వెనక్కి వస్తుంది. అందుకే ఒకే స్పీకర్, ఒకే సబ్ వూఫర్, ఒకే అంకె ఇక్కడ ఎక్కువ హోరుగా, ఎక్కువ సేపు సాగినట్టు వినిపిస్తాయి. గోడకు అంటించిన గుడ్ల ట్రేలు, పలచని ఫోమ్, కర్టెన్లు ఈ హోరును ఏమీ చేయలేవు. 80 హర్ట్జ్ అలను గట్టిగా పట్టాలంటే ఆ అలలో నాలుగో వంతు, అంటే మీటరు పైన లోతు కావాలి.

మియాపూర్, నిజాంపేట్, కొండాపూర్ వైపు మామూలుగా కనిపించే హాలునే తీసుకుందాం. హాలూ డైనింగూ కలిసిన పొడవాటి గది. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. టీవీ ఒక పొడవు గోడకు, సోఫా ఎదుటి పొడవు గోడకు ఆనించి. రెండు గోడల మధ్య దూరం అలలో సగానికి సరిపోయే ప్రతి చోటా గది తనంతట తానే ఊగడం మొదలుపెడుతుంది. 20 అడుగుల వైపు అది 28 హర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వైపు 47 దగ్గర, స్లాబుకూ నేలకూ మధ్య 56 దగ్గర వస్తుంది. వీటి రెట్టింపుల దగ్గర మళ్లీ వస్తుంది. ఈ ఊపు గోడల దగ్గర గరిష్ఠం. సోఫా గోడకు ఆనించి ఉంది కాబట్టి 47, 94 రెండూ తల వెనక నిండుగా ఉంటాయి. సబ్ వూఫర్ టీవీ గోడ మూలన ఉంటే అది ఆ ఊపులన్నిటినీ పూర్తి బలంతో రేపుతుంది. "ఒకటే హోరు" అనే ఫిర్యాదు ఈ నక్షాలోనే రాసి ఉంది. క్రాసోవర్‌ను 80 నుంచి 60కి దించితే ఇది తగ్గదు, ఎందుకంటే 47 రెండు సందర్భాల్లోనూ సబ్ వూఫర్ చేతిలోనే ఉంది.

సోఫాను అడుగున్నర ముందుకు జరిపితే? లెక్క వేస్తే 47 దగ్గర ఒక డెసిబెల్ కూడా తగ్గదు, 94 దగ్గర మాత్రం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 94 క్రాసోవర్ పక్కనే ఉన్న చోటు కాబట్టి ఈ తగ్గుదల డైలాగుల్లో తెలుస్తుంది. అడుగున్నర ఖాళీ వల్ల ఊడ్చడానికి కూడా వీలవుతుంది. 47ను పట్టుకోవాలంటే కదపాల్సింది సబ్ వూఫర్‌ను. టీవీ గోడకూ సోఫా గోడకూ సరిగ్గా నడుమ, అంటే పక్క గోడ వెంట 6 అడుగుల దగ్గర పెడితే, ఆ చోట 47 ఊపు సున్నా. సున్నా దగ్గర కూర్చుని దాన్ని రేపడం కుదరదు. ఫ్లాట్లలో ఆ చోట బాల్కనీ తలుపో డైనింగ్ దారో ఉండటం పెద్ద అడ్డంకి. అప్పుడు రెండు చిన్న సబ్ వూఫర్లు, ఒకటి టీవీ వైపు, ఒకటి సోఫా వెనక పెడితే అదే ఫలితం వస్తుంది, రెండూ ఒకే ఫేజ్‌లో ఉంటే ఆ ఊపును అవే రద్దు చేసుకుంటాయి. ఒక పెద్ద సబ్ వూఫర్ కొనే డబ్బుతో రెండు మామూలువి కొనడం కాంక్రీటు గదిలో దాదాపు ఎప్పుడూ మేలైన బేరమే.

రిసీవర్‌లోని ఆడిస్సీ, డిరాక్ లైవ్, వైపీఏఓ లాంటివి ఈ ఉబ్బుల్ని కోసి చదును చేయగలవు. కొన్ని చోట్ల అలలు రద్దయి ఏర్పడే గుంటల్ని మాత్రం పూడ్చలేవు. అక్కడ ఎంత పోస్తే అంతా రద్దవుతుంది, ఆంప్లిఫయర్ వేడెక్కడం తప్ప ఫలితం ఉండదు.

గుంట మాట వచ్చింది కాబట్టి, 80 కాకుండా 100 ఎందుకు మంచిదవుతుందో చెప్పే ఒక సందర్భం. స్పీకర్ ముఖం వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే, వెనక్కి పోయి గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం 86 హర్ట్జ్ దగ్గర ముందుకు పోయే శబ్దాన్ని కొట్టేస్తుంది. మూడడుగులు అయితే 94 దగ్గర. స్పీకర్లను గోడకు దూరంగా జరిపితే మంచిదని విన్నవాళ్లు అలా జరిపి, డప్పు దెబ్బలో పస పోయిందని బాధపడేది ఈ గుంట వల్ల. ఇక్కడ క్రాసోవర్ 100కు పెంచితే ఆ 94 పని గోడను ఆనుకుని ఉన్న సబ్ వూఫర్‌కు పోతుంది. దానికి ఈ గుంట ఎక్కడో చాలా పైన వస్తుంది కాబట్టి దాని పనికి అడ్డు రాదు. స్పీకర్లు టీవీ యూనిట్ మీదే, గోడకు అడుగున్నరలోపే ఉంటే ఈ గొడవ 185 పైన ఎక్కడో ఉంటుంది, 80 హాయిగా ఉంచుకోవచ్చు. రెండిట్లో ఏదీ తప్పు కాదు, మధ్యలో ఉండటమే ఇబ్బంది.

కలిసి చేరుతున్నాయా?

మృదంగంలో కుడి మూత దెబ్బా ఎడమ వైపు తొప్పి మోతా కలిసి ఒకే వాద్యంగా వినపడాలి. డప్పు కూడా అంతే, పుల్ల చరుపు స్పీకర్‌లోంచి వస్తుంది, దాని కడుపులోని మోత సబ్ వూఫర్‌లోంచి వస్తుంది. రెండూ ఒక్కసారి చెవికి చేరకపోతే తీన్‌మార్ దెబ్బ రెండు ముక్కలవుతుంది. 80 హర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో సగం ఆలస్యం, అంటే శబ్దం 7 అడుగులు నడిచే సమయం తేడా వస్తే, స్పీకర్ గాలిని తోసే క్షణంలో సబ్ వూఫర్ లాగుతుంది. క్రాసోవర్ దగ్గర పెద్ద గుంట పడుతుంది. సబ్ వూఫర్ వాల్యూమ్ ఎంత పెంచినా డప్పు పలకదు, కింది హోరు మాత్రం పెరుగుతుంది. మొదట చెప్పుకున్న రెండు ఫిర్యాదులూ ఒకే ఇంట్లో ఒకేసారి రావడం ఇలాగే.

రిసీవర్‌లో దీనికి మందు "డిస్టెన్స్" అన్న వరుస. కాలిబ్రేషన్ తర్వాత 10 అడుగుల దూరంలో ఉన్న సబ్ వూఫర్‌కు 14 అని వస్తే అది తప్పు లెక్క కాదు. సబ్ వూఫర్ లోపలి డిజిటల్ ప్రాసెసింగ్‌కు పట్టే సమయాన్ని కూడా రిసీవర్ అడుగుల్లోకి మార్చి కలిపింది. టేపు పెట్టి కొలిచి 10కి దిద్దితే ఉన్నది చెడుతుంది. అలాగని రిసీవర్ చెప్పిందే చివరి మాట అనుకోనక్కర్లేదు. దాన్ని సోఫా దగ్గర పరీక్షించవచ్చు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి, సోఫాలో చెవి ఎత్తున కదలకుండా నిలబెట్టి, 80 హర్ట్జ్ టోన్ ముందు స్పీకర్లూ సబ్ వూఫరూ రెండూ పలికేలా ఒక మోస్తరు జోరులో పెట్టాలి. సబ్ వూఫర్ డిస్టెన్స్‌ను అర అడుగు చొప్పున మారుస్తూ పోతే మీటర్‌లో అంకె పెరుగుతూ, తగ్గుతూ కనిపిస్తుంది. ఎక్కడ గరిష్ఠమో అది కలిసే చోటు. గరిష్ఠం దగ్గర మార్పు మెల్లగా ఉండి తేల్చుకోవడం కష్టమైతే సబ్ వూఫర్ వెనక ఫేజ్‌ను 180కి తిప్పి, శబ్దం అన్నిటికంటే తగ్గే చోటు వెతికి, మళ్లీ 0కి తిప్పేయాలి. గుంటను పట్టుకోవడం శిఖరాన్ని పట్టుకోవడం కంటే తేలిక. 60, 70, 90, 100 దగ్గర కూడా ఒకసారి చూడాలి, లేకపోతే ఒక్క స్వరం కోసం మిగతావి చెడిపోవచ్చు. ఫోన్ మైక్ బేస్‌లో ఖచ్చితమైన డెసిబెల్స్ చెప్పలేదు, కానీ ఇందాకటి కంటే ఎక్కువా తక్కువా అన్నది సరిగానే చెబుతుంది. ఇక్కడ కావలసింది అదే. ఇంకా లోతుగా పోవాలనుకునేవాళ్లకు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైక్ ఉంటే మొత్తం గీత కంటికి కనిపిస్తుంది.

ఈ పరీక్ష చేసేటప్పుడు బాల్కనీ తలుపు, కిటికీలు రోజూ సినిమా చూసే వేళ ఎలా ఉంటాయో అలాగే ఉంచాలి. తెరిచి ఉన్న బాల్కనీ బేస్ బయటికి పోయే దారి. తలుపు మూస్తే ఈ కొలతలు మారిపోతాయి.

సబ్ వూఫర్ వెనక ఉండే క్రాసోవర్ నాబ్ సంగతి చిన్నదే గానీ నష్టం పెద్దది. రిసీవర్ 80 దగ్గర ఒకసారి కోసి పంపింది. నాబ్ కూడా 80 దగ్గర ఉంటే సబ్ వూఫర్ రెండోసారి కోస్తుంది. రెండు వాలులూ ఒకే తీరువైతే 80 దగ్గర 6 బదులు 12 డెసిబెల్స్ పోతాయి, ఫేజ్ కూడా మరింత తిరుగుతుంది. నాబ్‌ను చివరిదాకా తిప్పేయాలి, లేదా వెనక ఎల్ఎఫ్ఈ అని రాసిన ఇన్‌పుట్ ఉంటే వైరు దానికే ఇవ్వాలి. ఇది పనివాడు బిగించి వెళ్లిన రోజే చూసుకోవాల్సిన విషయం.

కోఠిలోని గుజరాతీ గల్లీలో బోర్డులు కొని కట్టించుకునే 5.1 ఆంప్లిఫయర్ల సంగతి వేరు. ఆ సెట్లను తక్కువ చేసి చూడనక్కర్లేదు, ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లకు మొదటి థియేటర్ సౌండ్ వాటివల్లే వచ్చింది. వాటిలో ఒక లోపం మాత్రం తరచూ కనిపిస్తుంది. సబ్ వూఫర్‌కు ఫిల్టర్ బోర్డు పెడతారు, శాటిలైట్లకు (చుట్టూ పెట్టే చిన్న స్పీకర్లకు) ఏదీ పెట్టరు. కింది బేస్ మొత్తం ఆ మూడు, నాలుగు అంగుళాల స్పీకర్లకు కూడా పోతూనే ఉంటుంది, సౌండ్ పెంచగానే అవి పగులుతాయి. అంటే అప్పగింత సగమే జరిగింది. దీనికి దిద్దుబాటు చవకే. 8 ఓమ్‌ల శాటిలైట్‌కు వరసగా 130 మైక్రోఫారడ్‌ల దగ్గరి నాన్ పోలార్ కెపాసిటర్ వేస్తే సుమారు 150 హర్ట్జ్ నుంచి కింద స్థాయికి 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ఇంకా మంచి దారి పవర్ బోర్డు ముందే కోయడం. ఆ బోర్డు ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లైతే 0.15 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ 106 హర్ట్జ్ దగ్గర కోస్తుంది. అది చాలా చవకైన విడిభాగం. శాటిలైట్లు తేలికపడగానే అదే ఆంప్లిఫయర్ ఇంకా జోరుగా, ఇంకా శుభ్రంగా పలుకుతుంది.

ఇక రాత్రి, కింది ఫ్లాట్. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అయితే ఆ కొలత ‘A’ వెయిటింగ్ (చెవికి తక్కువగా ఆనే శబ్దాలను తగ్గించి లెక్కించే తీరు)లో ఉంటుంది, అది 50 హర్ట్జ్ శబ్దాన్ని ఏకంగా 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తుంది. కాబట్టి మీటర్‌లో నియమం దాటకపోయినా కింది ఇంటివాళ్ల నిద్ర పాడైపోవచ్చు, వాళ్ల ఫిర్యాదు నిజమైనదే. ఇందుకు క్రాసోవర్ దించడం మందు కాదు. సబ్ వూఫర్ వదిలేసిన బేస్‌ను స్పీకర్లు పలుకుతాయి, స్లాబుకు రెండూ ఒకటే. పనిచేసేవి రిసీవర్‌లోని నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (గట్టి శబ్దాలకూ మెల్లని శబ్దాలకూ తేడా తగ్గించేది), రాత్రికి ఎల్ఎఫ్ఈ స్థాయిని కొన్ని డెసిబెల్స్ దించడం. సబ్ వూఫర్ కింద మెత్తని ప్యాడ్ పెడితే పాదాల ద్వారా టైల్స్‌లోకి దిగే అదురు తగ్గుతుంది, షోకేస్ అద్దాలూ పీవోపీ సీలింగూ గలగలలాడటం తగ్గుతుంది. గాలిలో పోయే బేస్‌ను మాత్రం అది ఆపదు.

తక్కువ సౌండ్‌లో బేస్ చెవికి సరిగా ఆనదు. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపిన విషయం ఇది. అందుకే రాత్రి నెమ్మదిగా పెట్టి చూసేవాళ్లు సబ్ వూఫర్ వాల్యూమ్ నాబ్ పెంచుతారు, ఆదివారం మధ్యాహ్నం గట్టిగా పెట్టినప్పుడు అది అలాగే ఉండిపోయి ఇల్లు హోరెత్తుతుంది. డైనమిక్ ఈక్యూ లాంటి సదుపాయం ఉన్న రిసీవర్ అయితే వాల్యూమ్‌ను బట్టి ఆ తేడాను అదే సర్దుతుంది. లేనివాళ్లు నాబ్ మీద రాత్రికి ఒక గుర్తు, పగటికి ఒక గుర్తు పెన్నుతో గీసుకుంటే సరిపోతుంది.